టేపులకు పెట్టిన బొట్టు

ఫోను మోగినప్పుడు నేను అదే ఆసుపత్రిలో, మొదటి అంతస్తులో, చిన్నమ్మ మంచం పక్కన కూర్చుని కమలాపండు ఒలుస్తున్నాను. ఫోను చేసింది మూడో అంతస్తులో కంప్యూటర్ల గది చూసుకునే ఆయన. "టేపుల పెట్టె మొరాయిస్తోంది, అర్జెంటుగా ఒక పాత స్కాన్ తీయాలి, ఎంతసేపట్లో రాగలరు?" అని తమిళంలో అడిగాడు. రెండు నిమిషాల్లో వస్తానంటే నమ్మలేదు. ఆ పాత స్కాన్ ఎవరిదో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. అది నా ఎదురుగా పడుకుని, "ఆ తెల్ల పీచు బాగా తియ్యవే, చేదుంటాది" అంటున్న మనిషిది.

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. తమిళనాడులోని ధర్మపురి బజారులో మా వాళ్లది చింతపండు, రాగుల కొట్టు. అమ్మ కొట్టు చూసుకుంటే, నన్ను చిన్నమ్మ చూసుకుంది. బళ్లో అంతా తమిళమే. కొట్టు తలుపు వెనక సుద్దముక్కతో అ ఆలు దిద్దించి నాకు తెలుగు నేర్పింది ఆమె. ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ తలుపు చలవే. ఆమెకూ చిన్నాయనకూ పిల్లల్లేరు. నేను లేనా అంటే, "నీవు పిల్లవా, పిడుగువా" అనేది.

నెల రోజులుగా ఆమెకు తలనొప్పి. ముందురోజు వంటింట్లో కళ్లు తిరిగి పడిపోతే ఇక్కడికి తెచ్చాం. స్కాన్ తీస్తే తలలో శనగగింజంత మచ్చ కనబడింది. డాక్టరు నన్నూ చిన్నాయననూ కూర్చోబెట్టి విడమరిచి చెప్పాడు. ఆ మచ్చ కొత్తదైతే ఆగడానికి లేదు, రేపు పొద్దున్నే తల తెరవాలి. డెబ్బై ఏళ్ల మనిషి, పైగా షుగరు, తెరిస్తే లేస్తుందని మాటివ్వలేను అన్నాడు. ఆరేళ్ల కిందట ఆమె మెట్ల మీద పడినప్పుడు ఇక్కడే స్కాన్ తీశారు. అందులో కూడా ఇదే మచ్చ ఇంతే ఉంటే మాత్రం కత్తి అక్కర్లేదు, మందులు వేసుకుంటూ కనిపెట్టుకుని ఉంటే చాలు. నాలుగు గంటలకల్లా ఆ పాత బొమ్మ చూపించండి, నాలుగింటికి ఆపరేషను వాళ్లకు నేను ఏదో ఒక మాట చెప్పాలి అన్నాడు.

ఆరేళ్ల కిందట మాకిచ్చిన ఫిలిం ఇంట్లో ఉండాలి. ఉంది కూడా. గట్టి అట్టలా ఉందని, చెమ్మ ఎక్కదని, చిన్నాయన దాన్ని చింతపండు గంప కింద పరిచాడు. ఆరేళ్ల పులుపుకు అందులో తల కాదు కదా, తోక కూడా మిగల్లేదు. ఆ పొద్దున దాన్ని చేత్తో పట్టుకుని ఆయన నిలబడిన తీరు చూసి తిట్టడానికి నోరు రాలేదు.

ఇక మిగిలింది పై అంతస్తులోని పెట్టె ఒక్కటే.

ఆసుపత్రి పాత స్కాన్‌లన్నీ టేపుల్లో దాస్తుంది. ఒక్కొక్కటీ అరచేతిలో పట్టే నల్ల డబ్బా. అలాంటివి ఇరవై నాలుగు ఆ పెట్టెలో గూళ్లలో నిలబడి ఉంటాయి. మధ్యలో ఒక ఇనుప చెయ్యి. ఫలానా నంబరు టేపు కావాలంటే ఆ చెయ్యి గూళ్ల ముందు తిరుగుతుంది. ప్రతి టేపు వెన్ను మీదా ఒక తెల్ల చీటీ, దాని మీద నల్ల గీతలు. ఆ చెయ్యి తనకున్న ఎర్ర కన్నుతో ఆ గీతలు చదివి, కావలసిన టేపును లాగి, చదివే డ్రైవ్‌లో పెడుతుంది. ఏ టేపు ఏ గూట్లో ఉన్నా దానికి ఒకటే. గీతలు కనబడితే చాలు. నా ఉద్యోగం ఇలాంటి పెట్టెల నాడి చూడడం. దానికి నా ల్యాప్‌టాప్‌లో ఒక ప్రోగ్రాం ఉంది. బొమ్మలూ బటన్లూ ఉండవు. నల్ల తెర మీద మనం ఒక మాట కొడితే అది ఒక మాట చెబుతుంది. గూళ్లలో ఏమున్నాయో చెప్పమంటే చెబుతుంది, ఐదో గూట్లోది తొమ్మిదిలో పెట్టమంటే పెడుతుంది. ముఖస్తుతి తెలియదు, మొహమాటం తెలియదు. మనుషుల కంటే నాకు దానితోనే పొత్తు బాగా కుదిరేది.

పన్నెండున్నరకు కేబుల్ తగిలించి, గూళ్లలో ఏమున్నాయని అడిగాను. ఒకటో గూడు, నిండుగా ఉంది. రెండో గూడు, నిండుగా ఉంది. అలా ఇరవై నాలుగూ. మామూలుగా ఆ మాట పక్కనే టేపు నంబరు కనబడాలి. ఒక్కదాని పక్కన కూడా లేదు. చిన్నమ్మ స్కాన్ పదిహేడో నంబరు టేపులో ఉందని ఆసుపత్రి జాబితా చెబుతోంది. పేరులేని ఇరవై నాలుగు టేపుల్లో పదిహేడోది ఏదని పెట్టెను అడిగితే ఏం చెబుతుంది?

ఎందుకో నాకు తెలుసు. ఆ తెర చూసిన క్షణంలోనే తెలుసు.

ఐదు రోజుల కిందట ఆయుధపూజ. బస్సుకీ, కుట్టు మిషనుకీ, కొట్టు తక్కెడకీ, సుత్తికీ, కత్తెరకీ గంధం కుంకుమ పెట్టే రోజు. ప్రతి ఏడూ నేను ఆ పెట్టె తలుపు మీద ఒక బొట్టు పెట్టి, నిమ్మకాయ కోసి, దండం పెట్టుకుని వచ్చేసేదాన్ని. ఈ ఏడు పొద్దున్నే చిన్నమ్మ గంధం గిన్నె నా చేతికిస్తూ, "తలుపుకు పెడితే ఏమొచ్చె? లోపల పని చేసేది ఏదో దానికి పెట్టు. నీకు అన్నం పెట్టేది తలుపా?" అంది. మాట నాకు నచ్చింది. గది చూసుకునే ఆయన పండగకు పెన్నాగరం దగ్గర వాళ్ల ఊరు పోయాడు. అడ్డు చెప్పేవాళ్లు లేరు. ఇరవై నాలుగు టేపులూ బయటికి తీసి, అరిటాకు మీద వరసగా పేర్చి, ఒక్కొక్కదానికీ బొట్టు పెట్టాను. నల్ల ప్లాస్టిక్ మీద గంధం నిలవలేదు, జారిపోయింది. తెల్ల చీటీ మీద మాత్రం చక్కగా పట్టింది. గీతలకు తగలకుండా చివర్నే పెట్టాననుకున్నాను. తడి గంధం పెట్టిన చోట ఉంటుందా? ఈలోపు కింద బొరుగులూ శనగలూ పంచుతున్నారని పిలిచారు. చేతికి ఏది వస్తే దాన్ని, ఏ గూడు ఖాళీగా ఉంటే అందులోకి తోసేశాను. వరస తప్పితే ఏమైంది, చెయ్యి గీతలు చదువుకుంటుంది కదా అనుకున్నాను. పూజ చేసిన సామాను ఆ రోజంతా ముట్టకూడదు కాబట్టి పెట్టె ఆపేసి వచ్చాను. మర్నాడు ఆసుపత్రివాళ్లే ఆన్ చేసుకున్నారు. ఆ తర్వాత సెలవులు. పాత స్కాన్ ఇంతవరకు ఎవరికీ కావలసి రాలేదు.

చేయవలసిన పని చిన్నదే. తలుపు తెరవాలి, టేపులు బయటికి లాగాలి. గీతల కింద అంకెల్లో నంబరు ఉంటుంది, కంటితో చదివి పదిహేడోది తీయాలి. పది నిమిషాల పని.

కానీ గది చూసుకునే ఆయన నా వెనకే నిలబడి ఉన్నాడు. ఆ గదిలోకి చెప్పులతో రాని మనిషి. ఈ పెట్టె లోపలికి దుమ్ము కూడా పోకూడదని మొదటి రోజే నాతో అన్న మనిషి. పైగా కంప్యూటరు మీద మల్లెపూలు పెట్టారని రెండేళ్ల కిందట అక్కడి నర్సులను నిలబెట్టి కడిగేసింది నేనే. చదువుకున్నవాళ్లు చేసే పనేనా ఇది అని కూడా అన్నాను. ఇప్పుడు ఆయన ముందు ఆ తలుపు తీస్తే, ఇరవై నాలుగు టేపులూ పేరంటానికి వచ్చిన ముత్తైదువల్లా వరసగా కనబడతాయి.

నా పని దొంగకు తేలు కుట్టినట్టయింది. "కన్ను పోయినట్టుంది. చెయ్యి ఎలా ఉందో ఒకసారి పరీక్ష చేసి చూస్తాను" అన్నాను.

ఆడలేక మద్దెల ఓడు అంటారే, అదే నేను చేసింది. పెట్టెలో ఎక్కడో ఒక లోపం దొరకాలని, ఒక్క అరిగిన పన్ను, ఒక్క వదులైన బెల్టు దొరికితే చాలు, తప్పు దాని నెత్తిన వేసి తలుపు తీయొచ్చని ఆశ. దొరికాక టేపులు బయటికి తీసే సాకుతో ఆయన్ను టీకి పంపొచ్చు. కింద మంచం మీద మనిషి ప్రాణం మీదికి వస్తే, నేను పైన నా పరువుకు కాపలా కాస్తున్నాను. ఇది రాయడానికి కూడా సిగ్గుగా ఉంది, కానీ జరిగింది అదే.

ఒకటో గూటి నుంచి రెండుకు. లోపల చెయ్యి గరగరమంటూ కదిలింది, ఆగింది, టక్కుమని పట్టుకుంది. తెర మీద పాస్ అని పడింది. రెండు నుంచి ఏడుకు. పాస్. ఏడు నుంచి పద్దెనిమిదికి. పాస్. ఇంత ఆరోగ్యంగా ఉన్న యంత్రాన్ని చూసి ఏడుపు రావడం అదే మొదలు. ఒకటిన్నర అయింది. రెండున్నర అయింది.

"కన్ను పోతే పోయింది. తలుపు తీసి టేపు చేత్తో పెట్టకూడదా?" అన్నాడాయన వెనక నుంచి, మెల్లగానే.

"డ్రైవ్ మీద కూడా అనుమానం ఉందండీ. అది బాగా లేకపోతే టేపు లోపల నలిగిపోతుంది. ముందు దాన్ని పరీక్షించాలి" అన్నాను. మాట నిజమే, చెప్పిన కారణం అబద్ధం.

డ్రైవ్‌ను పూర్తిగా పరీక్షించాలంటే ఒక ఖాళీ టేపు కావాలి. ప్రోగ్రాం దాని మీద ఏవేవో రాసి, తిరిగి చదివి చూసుకుంటుంది. అంతకుముందు దాని మీద ఏమున్నా పోతుంది. అందుకే నేను ఇరవై నాలుగో గూట్లో ఎప్పుడూ ఒక ఖాళీ టేపు ఉంచుతాను. ఇరవై నాలుగు అని కొట్టాను. చెయ్యి వెళ్లి దాన్ని తెచ్చి డ్రైవ్‌లో పెట్టింది. తెర మీద ఎప్పటి హెచ్చరికే వచ్చింది. ఈ టేపు మీద ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా? అవునంటే వై, కాదంటే ఎన్.

వై కొట్టాను. ఎంటర్ ఒక్కటే మిగిలింది.

జేబులో ఫోను మోగింది. చిన్నాయన. ఎడమ చేత్తో తీసి చెవి దగ్గర పెట్టుకున్నాను. కుడి చూపుడువేలు ఎంటర్ మీదే ఉంది.

"పాపా, మొట్టె కొట్టేదానికి వచ్చినారు" అన్నాడు. మా వైపు మొట్టె అంటే గుండు. "మీ చిన్నమ్మ ఒప్పుకోలే. పాప పైకి పోయింది, నా ఫోటో తెస్తాది, అంతదాకా నా జుట్టు ముట్టద్దండని నర్సును ఎనక్కి పంపించేసింది. నీవు తెస్తా ఉండావు కదమ్మా?"

"తెస్తా ఉండాను చిన్నాయనా" అన్నాను.

ఫోను పెట్టేసి తెర వైపు చూశాను. ఇరవై నాలుగు. ఇరవై నాలుగో గూట్లో ఎప్పుడూ ఖాళీ టేపు ఉంచుతాను. సరే, ఆయుధపూజ నాడు ఉంచానా? చేతికి ఏది వస్తే దాన్ని, ఏ గూడు ఖాళీగా ఉంటే అందులోకి తోసిన చెయ్యి ఇదే కదా?

ఎంటర్ మీద నుంచి వేలు తీశాను, నిప్పు మీద నుంచి తీసినట్టు. వై చెరిపాను. ఎన్ కొట్టబోతే పక్క అక్షరం పడింది. దాన్నీ చెరిపి, ఎన్ కొట్టి, తెర మీద పరీక్ష రద్దయింది అన్న మాట వచ్చేదాకా ఊపిరి పీల్చలేదు.

"యంత్రానికి ఏమీ కాలేదండీ" అన్నాను వెనక్కి తిరిగి. "దానికి ఏ జబ్బూ లేదు. పూజ నాడు నేను టేపుల చీటీల మీద బొట్లు పెట్టాను. గీతలు కనబడక అది గుడ్డిదైంది. రెండు గంటలుగా మీకు అబద్ధం చెబుతున్నాను. ఆ స్కాన్ మా చిన్నమ్మది."

తలుపు తీశాను. గూళ్ల అరలు రెండూ బయటికి లాగాను. ఇరవై మూడు టేపులు, ఇరవై మూడు బొట్లు. ఎండిన గంధం పగిలి, కుంకుమతో కలిసి, గీతల మీదంతా పాకింది. అంకెలు కూడా దాని కిందే ఉన్నాయి.

ఆయన వంగి ఒక్కొక్క అరా చూశాడు. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. "మా అమ్మ ప్రతి ఏడూ నా మోటారు సైకిలు దీపం అద్దం మీదే పెడుతుంది" అన్నాడు చివరికి. "చీకటి పడితే నాకు దారి కనబడదు." తర్వాత బీరువా తెరిచి దూది తీసి ఇచ్చాడు. "రిపోర్టులో ఉన్నది ఉన్నట్టే రాస్తాను."

"రాయండి" అన్నాను.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల. కూర్చుని తుడవడం మొదలుపెట్టాను. తడి ఎక్కువైతే గీతలు కూడా పోతాయి, అందుకని మొదట పొడి దూదితో రాల్చి, తర్వాత చెమ్మ దూదితో అద్దాలి. మొదటి బొట్టు దగ్గరే చెయ్యి ఆగింది. బొట్టు తుడవడం అంటే ఏమిటో మా ఇళ్లలో పుట్టిన ఆడవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. కింద ఆ మనిషి రూపాయి బిళ్లంత బొట్టుతో పడుకుని ఉంది. ఆమె పెట్టమన్న బొట్లే ఇవి. ఆమె కోసమే తుడుస్తున్నానని నాకు తెలుసు. అయినా ఒక్కొక్కటి తుడిచినప్పుడల్లా, ఏం కానీకు స్వామీ, ఏం కానీకు, అని గొణుక్కుంటూనే ఉన్నాను. గంటకు యాభై అబద్ధాలు ఆడినప్పుడు గుర్తురాని దేవుడు అప్పుడు గుర్తొచ్చాడు.

మూడు. పదకొండు. ఇరవై. ఆరు. తుడిచిన ప్రతి చీటీ కిందా ఒక అంకె బయటపడుతోంది. ఖాళీ టేపు ఎనిమిదో గూట్లో దొరికింది. పదిహేను. రెండు. గడియారం మూడు దాటింది. ఇరవై మూడూ అయిపోయాయి. పదిహేడు వాటిలో లేదు.

మిగిలింది ఒక్కటే. డ్రైవ్‌లో ఉన్నది. బయటికి రమ్మని కొట్టాను. చెయ్యి దాన్ని తెచ్చి ఇరవై నాలుగో గూట్లో పెట్టింది. దాని బొట్టు తుడిచాను.

పదిహేడు.

ఆ నేల మీదే కూలబడ్డాను. ఆయన నా చేతిలో టేపు చూశాడు, తెర మీద ఇంకా కనబడుతున్న హెచ్చరికను చూశాడు. మంచినీళ్ల సీసా తెచ్చి పక్కన పెట్టాడు.

టేపు మళ్లీ లోపలికి వెళ్లింది. చదవడం మొదలైంది. టేపు కదా, కావలసిన చోటు దాకా చుట్టుకుంటూ పోవాలి, దానికి తొందర తెలియదు. మూడున్నర. పావు తక్కువ నాలుగు. గీత ఒకటి తెర మీద ఎడమ నుంచి కుడికి మెల్లగా నిండుతూ ఉంది. దానితో పాటు నేనూ ముందుకు వంగుతూ కూర్చున్నాను. నాలుగుకు ఎనిమిది నిమిషాలు ఉండగా చిన్నమ్మ పేరు, పక్కనే ఆరేళ్ల కిందటి ఆమె తల, బూడిద రంగులో తెర మీదికి వచ్చాయి.

డాక్టరు గదికి మెట్ల మీదుగా పరుగెత్తాను. ఆయన రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టుకుని, కొలిచాడు. మళ్లీ కొలిచాడు. నా వైపు తిరగకుండానే ఫోను తీసి, "రేపటిది వద్దు" అన్నాడు అవతలివాళ్లతో. ఆ తర్వాతే నాకు చెప్పాడు. అదే మచ్చ, అంతే ఉంది, ఆరేళ్లలో వెంట్రుకవాసి కూడా పెరగలేదు. తలనొప్పీ కళ్లు తిరగడమూ షుగరు వల్ల, రక్తపోటు వల్ల. మందులు మారుస్తానన్నాడు. ఆయన మాట్లాడుతుండగానే నేను ఏడ్చేశాను.

కిందికి వెళ్లేసరికి చిన్నాయనకు నర్సు చెప్పేసింది. ఆయన టీ తేవడానికి వెళ్లాడు, నిజానికి వసారాలో ముఖం కడుక్కోవడానికి. చిన్నమ్మ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. నేను సగం ఒలిచి వదిలేసిన కమలాపండు బల్ల మీద అలాగే ఎండుతోంది.

"ఏమే, ఆ మిషన్‌కు ఏమొచ్చె?" అంది.

"నేను పెట్టిన బొట్టు దాని చీటీల మీద పడింది. చదవలేక పోయింది."

"పని చేసేదానికి పెట్టమంటి గానీ, దాని కండ్లకు పెట్టమంటినా?"

నవ్వు రాలేదు. ఆ ఒక్క మాటతో సర్దుకుని ఊరుకోవచ్చు. తలుపు వెనక అ ఆలు దిద్దించిన మనిషి దగ్గర అలా ఊరుకోవడం చేతకాలేదు. రెండు గంటలు దాచాననీ, పరువు కోసం పెట్టెను నిందించాననీ, తెలియకుండా ఆమె టేపునే చెరపబోయాననీ, ఎంటర్ మీద వేలు ఉందనీ మొత్తం చెప్పాను. ఆమెకు ఎంటర్ అంటే ఏమిటో తెలియదు. చెరపడం అంటే తెలుసు, ఆ తలుపు మీద నాచేత దిద్దించి, చెరిపించింది ఆమే.

"చెరిపేసినావా?" అంది.

"లేదు."

"సరి." మంచం మీద మెల్లగా జరిగి, నాకు వీపు చూపిస్తూ కూర్చుంది. "దువ్వెన ఆ సంచిలో ఉంది. జడ వెయ్యి."

సంచిలోంచి దువ్వెన తీసి, ముడి విప్పాను. తెల్లగా, పల్చగా, నడుము దాకా ఉన్న జుట్టు. మూడు పాయలు తీసి అల్లాను. నా గోళ్ల సందుల్లో కుంకుమ ఇంకా పోలేదు, ఆ తెల్ల వెంట్రుకల్లో అక్కడక్కడా అంటుకుంది. దాన్ని మాత్రం తుడవలేదు.